డెవస్టేషన్‌ని తెలుగులో ఏమనాలి?

కనాటాలో మా ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పదకొండేళ్ళ అమ్మాయి ఒకర్తె తన కుక్క గురించి అయిదు వాక్యాలు రాసుకొచ్చింది. నాలుగు వాక్యాలు ముద్దుగా ఉన్నాయి. అయిదోది ఇది: “మా సిండీ చచ్చిపోయినప్పుడు నేను సర్వనాశనం అయ్యాను.” నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు చూశాక సిగ్గేసింది. పాపం, ‘ఐ వాజ్ డెవస్టేటెడ్’ అని ఇంగ్లీషులో అనుకుని, నిఘంటువు తీసి, ఉన్నది ఉన్నట్టు రాసింది. నిఘంటువు అబద్ధం చెప్పలేదు. కాని తెలుగులో సర్వనాశనం అన్నది దుఃఖం కాదు, శాపం.

ఆ రోజు నుంచి ఈ మాట నా వెంట పడింది. చూస్తే ఇది ఎక్కడపడితే అక్కడ ఉంది. టీవీలో కార్చిచ్చు వార్తలో ఉంది, ఆఫీసులో సంతాపం ఈమెయిల్‌లో ఉంది, క్రికెట్ వ్యాఖ్యానంలో ఉంది, ఆసుపత్రిలో డాక్టరు నోట ఉంది. అన్నిచోట్లా ఇంగ్లీషు మాట ఒకటే. తెలుగు మాత్రం చోటుని బట్టి మారాలి. ఎక్కడ ఏ మాట వాడితే అతుకుతుందో, ఏది వాడితే కొంప మునుగుతుందో నాకు తెలిసినంతలో ఇక్కడ రాస్తున్నాను.

మాట పుట్టుక

డెవస్టేట్‌కి మూలం లాటిన్‌లో ‘వాస్టుస్’. ఖాళీ అయిన, మనిషి అలికిడి లేని అని దానికి అర్థం. ఇంగ్లీషులో ‘వేస్ట్’, ‘వాస్ట్’ కూడా ఈ చెట్టు కొమ్మలే. సైన్యం ఒక ఊరి మీద పడి, పంట తగలబెట్టి, జనాన్ని తరిమేస్తే మిగిలే ఖాళీ ఉంటుందే, అదీ ఈ మాట మొదట చూపించిన బొమ్మ. అంటే డెవస్టేషన్ వస్తువుకి జరిగేది కాదు, చోటుకి జరిగేది. ఇప్పటికీ మంచి ఇంగ్లీషులో కారు డెవస్టేట్ కాదు, ఫోను డెవస్టేట్ కాదు. అవి డ్యామేజ్ అవుతాయి, రెక్ అవుతాయి, డెస్ట్రాయ్ అవుతాయి. ఊరు, అడవి, తీరం, ఒక సమాజం, ఒక కుటుంబం డెవస్టేట్ అవుతాయి. మనవాళ్ళు ‘మై లాప్‌టాప్ ఈజ్ డెవస్టేటెడ్’ అన్నప్పుడు కెనడియన్లు మర్యాదగా ఊరుకుంటారు గాని, వాళ్ళ చెవికి అది వింతగానే ఉంటుంది.

ఈ బొమ్మకి అతి దగ్గరగా ఉన్న తెలుగు మాట, నా దృష్టిలో, చాలా చిన్నది: పాడు. పాడుపడ్డ ఇల్లు, పాడుపడ్డ గుడి, పాడుపెట్టిన ఊరు. మనుషులు ఉండవలసిన చోట మనుషులు లేకపోవడమే పాడు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న పెద్ద మాటల్లో పగలడం, కూలడం ఉన్నాయి గాని ఈ ఖాళీతనం లేదు.

ఇక్కడ చిన్న పిడకలవేట. నేనుండే ఊరి పేరు కనాటా. ఒట్టావాకి పడమట, హైటెక్ కంపెనీలకీ వాటితో పాటు తెలుగువాళ్ళకీ పేరుపడ్డ చోటు. 1535లో జాక్ కార్టియే సెయింట్ లారెన్స్ నది మీద వస్తుంటే, అక్కడి ఇరోక్వోయన్ కుర్రాళ్ళు తమ పల్లెకి దారి చూపిస్తూ అన్న మాట ‘కనాటా’, అంటే ఊరు. ఆయన అది దేశం పేరనుకున్నాడు, కెనడా పుట్టింది. మన భాషలో ఊళ్ళ పేర్ల చివర వచ్చే ‘పాడు’కి కూడా ఊరనే అర్థం. గుంటూరు దగ్గర ప్రత్తిపాడు, ఉప్పలపాడు ఉన్నాయి కదా. ఆ పాడు వేరు, పాడుపడ్డ పాడు వేరు. కాని చెవికి రెండూ ఒకటే. ఊరికీ ఊరు లేకపోవడానికీ ఒకటే చప్పుడు ఉండటం నాకెప్పుడూ కొంచెం భయంగానే ఉంటుంది.

ఫుజిటా గారి నిచ్చెన

డెవస్టేటింగ్ అన్నది ఎంత పెద్ద మాట? సివియర్ కన్నా పెద్దదా, చిన్నదా? మామూలుగా ఇలాంటి ప్రశ్నకి జవాబు ఉండదు, చెప్పేవాళ్ళ ఊపుని బట్టి ఉంటుంది. కాని ఒక శాస్త్రంలో మాత్రం కచ్చితమైన జవాబు ఉంది. షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా 1971లో టోర్నడోలకి ఒక కొలబద్ద తయారుచేశాడు. టోర్నడో లోపలి గాలి వేగం కొలవడం కష్టం. అందుకని అది పోయాక మిగిలిన నష్టాన్ని చూసి అంకె వేస్తారు. ఒక్కో అంకెకీ ఆయన ఒక్కో విశేషణం తగిలించాడు. సున్నాకి లైట్, ఒకటికి మోడరేట్, రెండుకి కన్సిడరబుల్, మూడుకి సివియర్, నాలుగుకి డెవస్టేటింగ్, అయిదుకి ఇన్‌క్రెడిబుల్. అంటే సివియర్ కంటే డెవస్టేటింగ్ ఒక మెట్టు పైన. (ఆరో మెట్టు కూడా ఒకటి ఊహించి దానికి ‘ఇన్‌కన్‌సీవబుల్’ అని పేరు పెట్టాడు. ఆ మెట్టు వాడే అవసరం ఇంతవరకు రాలేదు.)

దీన్ని తెలుగు చేయమంటే నేనైతే ఇలా చేస్తాను: కొద్దిపాటి, ఓ మోస్తరు, చెప్పుకోదగ్గ, తీవ్రమైన, సర్వం ఊడ్చిపెట్టే, నమ్మశక్యం కాని. నాలుగో దగ్గర నాకు ఒక్క మాట దొరకలేదు. ‘వినాశకరమైన’ అనవచ్చు గాని, అది అసెంబ్లీ ప్రసంగంలా ఉంటుంది.

మన దగ్గర కూడా ఇలాంటి నిచ్చెన ఒకటుంది. కాని దాని లెక్క వేరు. బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండం అవుతుంది, ఆపైన తీవ్ర వాయుగుండం, ఆపైన తుఫాను. గాలి వేగం గంటకు 89 కిలోమీటర్లు చేరితే తీవ్ర తుఫాను, 118 చేరితే అతి తీవ్ర తుఫాను. భారత వాతావరణ శాఖ వాడే ఈ మాటలు రేడియోలో విని విని మన కోస్తా జిల్లాల్లో చదువురాని వాళ్ళకి కూడా కంఠతా వచ్చాయి. గమనించండి, ఇక్కడ ‘తీవ్ర’ అన్నది గాలికి విశేషణం, నష్టానికి కాదు. తుఫాను తీరం చేరకముందే ఆ పేరు పెట్టేస్తారు. ఫుజిటా మాట మటుకు అంతా అయిపోయాక పెట్టేది. అందుకని ‘సివియర్ సైక్లోన్’లో సివియర్‌నీ ‘సివియర్ డ్యామేజ్’లో సివియర్‌నీ ఒకే అర్థంతో చదవకూడదు. తీవ్ర తుఫాను సముద్రంలోనే బలహీనపడి ఒక్క కొబ్బరాకు కూడా కదపకుండా పోవచ్చు.

కెనడాలో ఫుజిటా అయిదు అందుకున్నది ఇప్పటిదాకా ఒక్కటే. 2007 జూన్ 22న మానిటోబాలో ఈలీ అనే చిన్న ఊరి మీద పడ్డది. మొదట నాలుగు అన్నారు. ఒక ఇల్లు ఇల్లంతా గాలిలోకి లేచిపోయిన వీడియో పరిశీలించాక కొన్ని నెలలకి అయిదు చేశారు. ఎవరూ చనిపోలేదు. 1987 జూలై 31న ఎడ్మంటన్ మీద పడ్డది నాలుగే, కాని 27 మంది పోయారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఈ కొలబద్ద కొలిచేది కట్టడాల నష్టాన్ని, మనుషుల నష్టాన్ని కాదు. ‘ఇన్‌క్రెడిబుల్’ పడ్డ ఊళ్ళో అందరూ బతికారు, ‘డెవస్టేటింగ్’ పడ్డ ఊళ్ళో 27 చావులు.

2013 నుంచి కెనడా కొత్తగా సవరించిన కొలబద్ద వాడుతోంది. అందులో విశేషణాలు పక్కకు పోయాయి. వాటికి బదులు ఇల్లు, బడి, ధాన్యపు సిలో, పాతకాలపు చర్చి, చెట్టు అంటూ రకరకాల వస్తువులకి విడివిడిగా నష్టం మెట్లు రాసిపెట్టారు. మామూలు ఇంటికి పది మెట్లు. పైకప్పు పెంకు కొద్దిగా ఊడటం ఒక మెట్టు, కిటికీ అద్దాలు పగలడం ఒకటి, కప్పు దూలాలతో సహా లేచిపోయి గోడలు మిగలడం ఒకటి. చివరికి పునాది పలక తప్ప ఏమీ మిగలకపోవడం పదోది. ఎంత హాయి! ‘భారీ నష్టం’, ‘తీవ్ర నష్టం’ అంటూ గొంతు చించుకోనక్కరలేదు. ఏం పోయిందో, ఏం మిగిలిందో చెప్తే చాలు.

నిప్పా, నీరా, గాలా?

ఇంగ్లీషులో కార్చిచ్చు వచ్చినా, వరద వచ్చినా, భూకంపం వచ్చినా డెవస్టేషనే. తెలుగు అలా ఊరుకోదు, ఎవరి వల్ల జరిగిందో క్రియాపదంలోనే చెప్పమంటుంది.

నిప్పు అయితే: బుగ్గి అయింది, బూడిదైంది, కాలి బొగ్గయింది. 2016 మే నెలలో ఫోర్ట్ మెక్‌ముర్రే నుంచి సుమారు 88,000 మంది ఒక్క రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటపడ్డారు. సుమారు 2,400 కట్టడాలు బుగ్గయ్యాయి. 2021 జూన్ 29న బ్రిటిష్ కొలంబియాలో లిట్టన్ అనే ఊరు 49.6 డిగ్రీల ఎండతో దేశం రికార్డు బద్దలుకొట్టింది. మర్నాడే ఊరు చాలా భాగం బూడిదైంది. 2024 జూలైలో జాస్పర్ పట్నంలో 1,113 కట్టడాల్లో 358 కాలిపోయాయి. ఆ వారం ఇంగ్లీషు శీర్షికలు కొన్ని ఊరు మొత్తం డెవస్టేట్ అయిందన్నాయి. అక్కడ చుట్టాలున్నవాళ్ళు వెదుక్కున్నది ఆ మాట కాదు, కాలిన ఇళ్ళ జాబితా.

నీరైతే: కొట్టుకుపోయింది, మునిగిపోయింది, కోతకు గురైంది. ఈ మూడూ మూడు రకాల నష్టాలు. వాగు వేగానికి గట్టు కొట్టుకుపోతుంది. నిలవనీటిలో ఇల్లు మునుగుతుంది, కాని నిలబడే ఉంటుంది. నది ఒడ్డు కోతపడి పొలం నదిలో కలిసిపోతుంది, ఇంకెప్పటికీ రాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ముంపులో ఉన్నప్పుడు ఇక్కడ మా మిత్రులు చాలామంది అక్కడున్న పెద్దవాళ్ళ కోసం రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. మర్నాడు ఆఫీసులో ఎవరో అడిగితే ‘డెవస్టేటింగ్ ఫ్లడ్స్’ అన్నారట. నిజానికి వాళ్ళు చెప్పదలచుకున్నది ‘ముంపు’. నీళ్ళు కదలకుండా రోజుల తరబడి నిలిచాయి, ఇళ్ళు కూలలేదు, లోపలున్నది మటుకు దాదాపు ఏదీ పనికిరాకుండా పోయింది. ముంపుకి ఇంగ్లీషులో ‘ఇనండేషన్’ ఉందిగాని దాన్ని మామూలు మనిషి వాడగా నేను వినలేదు.

ఇక సముద్రం నీరైతే మనకి ఉప్పెన ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది అదే. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవాళ్ళు ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది. ఆ ప్రాంతం మనిషితో ‘తుఫాను వచ్చిన సంవత్సరం’ అనకండి, తుఫానులు ఏటా వస్తాయి. ‘ఉప్పెన’ అనండి, చాలు. ఇంగ్లీషులో ‘స్టార్మ్ సర్జ్’ అని రెండు మాటలు కావాలి, అయినా ఆ బరువు రాదు. ఉప్పెనకి విశేషణం అక్కర్లేదు. ‘భయంకరమైన ఉప్పెన’ అని రాసేవాళ్ళని చూస్తే, మంచి ఉప్పెన కూడా ఉంటుందా అని అడగాలనిపిస్తుంది.

గాలైతే: కూలిపోయింది, విరిగిపోయింది, ఎగిరిపోయింది, నేలమట్టమైంది. నేలమట్టం కావడానికి ముందు నిలబడి ఉండాలి. ఇల్లు, చెట్టు, స్తంభం నేలమట్టమవుతాయి. రోడ్డు నేలమట్టం కాదు, అది నేల మీదే ఉంది. వరి నేలమట్టం కాదు, ‘నేలవాలుతుంది’ లేదా ‘పడిపోతుంది’. పడిన వరి నీళ్ళు త్వరగా దిగితే కొంత దక్కుతుంది. కొబ్బరిచెట్టుకి ఆకులు విరిగితే ఒక మాట, మొవ్వు విరిగితే ఇంకో మాట. మొవ్వు పోతే చెట్టు నిలబడి ఉన్నా చచ్చినట్టే, ఎందుకంటే దానికి చిగురు పుట్టే చోటు అదొక్కటే. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫాను తరవాత రైతులు తోటల్లోకి వెళ్ళి తల ఎత్తి చూసింది దానికోసమే. పత్రికలన్నీ ‘కొబ్బరికి అపార నష్టం’ అని రాశాయి. రైతు లెక్క మొవ్వుల లెక్క.

మా దగ్గర కూడా గాలి దెబ్బ తక్కువేం కాదు. 2018 సెప్టెంబరు 21న కనాటాకి ఉత్తరాన డన్‌రాబిన్ మీద టోర్నడో పడ్డది, గాలి వేగం గంటకు 265 కిలోమీటర్ల దాకా. కొత్త కొలబద్ద మీద మూడు, అంటే ఫుజిటా మాటల్లో ‘సివియర్’. ఇంకొకటి నెపియన్‌లో ఆర్లింగ్టన్ వుడ్స్ మీద, అది రెండు. మెరివేల్ విద్యుత్ కేంద్రం దెబ్బతిని రెండు మూడు రోజులు ఊళ్ళో చాలామందికి కరెంటు లేదు. మా అమ్మ ఇండియా నుంచి ఫోను చేసి “మీ ఇల్లు ఉందిట్రా?” అని అడిగింది. నేను “ఏం కాలేదమ్మా, కంచె విరిగింది” అన్నాను. ఇంటికి ఏమైందని ఆవిడ అడగలేదు, ఉందా లేదా అని అడిగింది. మా అమ్మది కృష్ణా జిల్లా, 1977 చూసిన మనిషి.

పత్రికల సంస్కృతం

నష్టం, నాశనం రెండూ ఒకే ధాతువు పిల్లలు. ‘నశ్’ అంటే కనబడకుండా పోవడం. అయినా తెలుగులో రెండూ దూరమైపోయాయి. నష్టం డబ్బులోకి లెక్కకట్టవచ్చు, పరిహారం అడగవచ్చు. నాశనానికి పరిహారం లేదు. ఇంగ్లీషులో డ్యామేజ్‌కీ డెస్ట్రక్షన్‌కీ ఉన్న తేడా సరిగ్గా ఇదే.

ధ్వంసం అంటే ముక్కలై రాలిపోవడం. విధ్వంసం దాని పెద్దన్న. కాని తెలుగు వాడుకలో విధ్వంసానికి ఒక కర్త ఉంటాడు. రైలు పట్టాలు తొలగించేవాడు, విగ్రహాలు పగలగొట్టేవాడు. ‘విధ్వంసక చర్య’ అంటే సాబొటాజ్. అందుకని ‘తుఫాను విధ్వంసం’ అన్నప్పుడు తుఫానుని ఒక దుర్మార్గుడిని చేస్తున్నాం. తప్పు లేదు, పత్రికలు రోజూ అంటాయి. కాని కార్చిచ్చు గురించి తెలుగులో రాసేటప్పుడు ‘అడవి విధ్వంసం’ అంటే చదివినవాడు కలప దొంగలనుకునే ప్రమాదం ఉంది.

బీభత్సం కథ తమాషా. నవరసాల్లో బీభత్సం అంటే రోత, అసహ్యం. ముక్కు మూసుకునే రసం. అది మన విలేఖరుల చేతిలో పడి భయంకరమైన నష్టంగా మారిపోయింది. ‘భీభత్సం’ అని మొదటి అక్షరానికి ఒత్తు పెట్టేవాళ్ళు భీతి, భయంతో చుట్టరికం కలుపుతున్నారు కాబోలు. ఒత్తు అక్కర్లేదు. ‘తుఫాను బీభత్సం సృష్టించింది’ అన్న వాక్యంలో ‘సృష్టించింది’ మీద కూడా నాకు అభ్యంతరం ఉంది గాని, ఇప్పుడది కొట్టేస్తే వాన్లు లేని అక్టోబరు లాగా పత్రిక బోసిపోతుంది. ఇంగ్లీషు ‘రీక్ హావక్’కి ఇది చక్కగా అతుకుతుంది. హావక్ అన్నది పూర్వం సైనికులకి ఇక దోచుకోవచ్చని వేసే కేక. రావేజ్ మొదట్లో ఉధృతంగా వచ్చే నీటి పోటు. కాటస్ట్రఫీ గ్రీకులో తలకిందులు కావడం, కనక మన ‘అల్లకల్లోలం’, ‘అతలాకుతలం’ దానికి దగ్గర. డిజాస్టర్‌లో చెడు నక్షత్రం ఉంది. మనం ‘గ్రహచారం’ అంటే నవ్వుతారు గాని, వాళ్ళదీ అదే.

డెసిమేట్ జోలికి పోకండి. పదిమందిలో ఒకణ్ణి చంపడమనే రోమన్ సైన్యపు శిక్ష అది. ఇప్పుడు పదిలో తొమ్మిది పోయినా అదే అంటున్నారు. చాదస్తులు కొట్లాటకి వస్తారు, మనకెందుకు?

ఫారాలు నింపేటప్పుడు

ఇన్సూరెన్స్ కాగితాల్లో డెవస్టేషన్ అన్న మాటకి విలువ సున్నా. 2022 మే 21న డెరెచో అనే వరస గాలివాన ఒంటారియో, క్విబెక్‌ల మీదుగా వచ్చింది. పదిమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది చెట్లు కూలి. ఒట్టావా ప్రాంతంలో గాలి 190 కిలోమీటర్లు తాకింది. తరవాత క్లెయిములు రాస్తున్న మిత్రుడొకడు నాకు చూపించిన ఉత్తరంలో ‘అవర్ బాక్‌యార్డ్ ఈజ్ టోటలీ డెవస్టేటెడ్’ అని ఉంది. అడ్జస్టరుకి దాంతో పనిలేదు. అతను అడిగేది చెట్టు దేని మీద పడింది, కప్పులో రంధ్రం ఎంత, వాన లోపలికి వచ్చిందా, బాగుచేస్తే బాగవుతుందా అన్నది. ‘డ్యామేజ్‌డ్’ అంటే బాగుచేయించుకోవచ్చు. ‘డెస్ట్రాయ్‌డ్’ అంటే మళ్ళీ కట్టాలి. ‘టోటల్ లాస్’ అంటే బాగుచేసే ఖర్చు గిట్టదని కంపెనీ నిర్ణయించింది. వస్తువు మీ కళ్ళముందే నిలబడి ఉన్నా టోటల్ లాస్ కావచ్చు. నీళ్ళ విషయంలో మరీ జాగ్రత్త. డ్రెయిన్ వెనక్కి తన్నడం, నది పొంగి ఇంట్లోకి రావడం, పైపు పగలడం చాలా పాలసీల్లో వేరువేరు లెక్కలు. మొదటి రెండూ తరచు విడిగా కొనుక్కోవలసినవి. ‘ఫ్లడ్ డెవస్టేషన్’ అని ఒక్క మాటలో రాసేస్తే మీ నోటితో మీరే క్లెయిము కొట్టేయించుకోవచ్చు.

ఆంధ్రాలో రెవెన్యూ వాళ్ళ భాష కూడా ఇదే దారి. ‘పూర్తిగా దెబ్బతిన్న ఇల్లు’, ‘పాక్షికంగా దెబ్బతిన్న ఇల్లు’. ఈ రెంటి మధ్య ఒక్క మాట తేడాతో చేతికొచ్చే డబ్బు మారిపోతుంది. పంటకైతే 2015 దాకా సగం పోతేనే సాయం, ఆ ఏడు దాన్ని 33 శాతానికి తగ్గించారు. మీ నాన్నగారు ఫోనులో “పంటంతా పోయింది” అంటే అది దుఃఖం. ఆయన అర్జీలో రాయవలసింది శాతం.

ఆసుపత్రిలో

అన్నిటికన్నా ముఖ్యం ఇది. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళలో చాలామందికి ఏదో ఒకరోజు అమ్మకో నాన్నకో దుబాసీ పని చేయవలసి వస్తుంది.

నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలో, విజిట్‌కి వచ్చిన తండ్రికి మెదడులో నరం చిట్లింది. డాక్టరు కొడుకుని కూర్చోబెట్టి నెమ్మదిగా, దయగా ‘ఇట్ ఈజ్ ఎ డెవస్టేటింగ్ బ్రెయిన్ ఇంజురీ’ అని చెప్పింది. కొడుకు తల్లి వైపు తిరిగి “మెదడుకి చాలా పెద్ద దెబ్బ తగిలిందటమ్మా” అన్నాడు. ఆవిడ తల ఊపి, “మరి ఎన్నాళ్ళు ఉంచుతారుట?” అని అడిగింది. రెండు రోజుల పాటు ఆవిడ ఇంటికి వెళ్ళాక పెట్టవలసిన పథ్యం గురించి మాట్లాడింది. మూడో రోజు వెంటిలేటరు సంగతి నిర్ణయించమని అడిగినప్పుడు, నా దగ్గర దాచారని కొడుకు మీద ఆవిడకి కోపం వచ్చింది. అతను దాచలేదు. మాట అతన్ని మోసం చేసింది.

తెలుగులో దెబ్బ అంటే తగిలేది, మానేది. దెబ్బతిన్నవాడు లేస్తాడు. దెబ్బకి ‘చాలా పెద్ద’ అని ఎన్ని తగిలించినా అందులో కోలుకోవడం ఉండనే ఉంటుంది. డాక్టర్ల నోట ఆ సందర్భంలో డెవస్టేటింగ్ అంటే ప్రాణానికే ముప్పు, లేదా మనిషి మునుపటిలా ఎప్పటికీ కాలేడు అని. ‘సీరియస్’, ‘క్రిటికల్’ లాంటివి ఇవాళ్టి స్థితి చెప్పే మాటలు, అవి రేపు మారవచ్చు. డెవస్టేటింగ్ రేపటి గురించి కూడా చెప్తోంది.

అలాంటప్పుడు ఏమనాలి? విశేషణం వెతక్కండి. ‘వినాశకరమైన గాయం’ అని ఏ తల్లితోనూ అనలేం. రెండు వాక్యాలు చేయండి: “మెదడులో చాలా భాగం పాడైపోయిందమ్మా. అది మళ్ళీ రాదంటున్నారు.” పాడైపోయింది, మళ్ళీ రాదు. కఠినంగా ఉంటుంది, కాని అర్థమవుతుంది. మీరు అనలేకపోతే దుబాసీని అడగండి. చాలా పెద్ద ఆసుపత్రుల్లో ఫోను మీద ఏర్పాటు చేస్తారు, తెలుగు కూడా దొరకవచ్చు. కొడుకు కొడుకుగా కూర్చోవడానికి అప్పుడు వీలవుతుంది. డాక్టరుని కూడా ‘ఆ మాటకి మీ అర్థం ఏమిటి, కోలుకునే అవకాశం ఉందా’ అని తిరిగి అడగడంలో నామోషీ లేదు.

మనవాళ్ళు ఇలాంటి చోట మాట తేలిక చేయడానికి ఇంకో కారణం ఉంది. చెడు పలకకూడదు, తథాస్తు దేవతలు ఉంటారు అన్న భయం. తెలుగులో నాశనం మాటలన్నీ తిట్లుగా పనిచేస్తాయి: నాశనమైపోను, నీ ఇల్లు పాడుగాను, నీ కొంప కూల. అందుకే మా నాయనమ్మ తరం ఆడవాళ్ళు కోపంలో కూడా నాలుక కరుచుకుని “నీ ఇల్లు బంగారంగానూ!” అనేవాళ్ళు. తిట్టు ఊపు తిట్టుదే, మాట మాత్రం దీవెన. అంత జాగ్రత్త పడే భాషలో పెరిగినవాడు తల్లి ముందు ‘పాడైపోయింది’ అనడం తేలిక కాదు.

మనసుకి తగిలితే

సహోద్యోగి తండ్రి పోతే ‘షీ ఈజ్ డెవస్టేటెడ్’ అంటారు. ఇంగ్లీషులో అది అతిశయోక్తి కాదు, మర్యాద. కాని కాఫీ మెషీను పాడైందని కూడా ఇదే మాట వాడే కుర్రకారు ఆఫీసుల్లో ఉన్నారు, వాళ్ళని చూసి నేర్చుకోకండి.

తెలుగులో మనిషి కుప్పకూలిపోతాడు, కుమిలిపోతాడు, కుదేలవుతాడు, చితికిపోతాడు. ఇవీ ఒకటి కావు. కుప్పకూలడం ఆ క్షణానిది. కుమిలిపోవడం నెలల తరబడి, బయటికి కనబడకుండా. కుదేలు, చితికిపోవడం ఎక్కువగా డబ్బు దెబ్బకి. 2000లో 120 డాలర్లు దాటిన నార్టెల్ షేరు 2002లో డాలరు కిందకి పడ్డప్పుడు, 2009 జనవరిలో కంపెనీ దివాలా రక్షణ కోరినప్పుడు, ఒట్టావా పడమటి పేటల్లో చితికిపోయినవాళ్ళూ ఉన్నారు, కుమిలిపోయినవాళ్ళూ ఉన్నారు. కంపెనీ మాత్రం కుప్పకూలింది.

వీటన్నిటికన్నా మంచి మాట తెలంగాణలో ఉంది: ఆగం. పంట ఆగమైతది, ఊరు ఆగమైతది, బతుకు ఆగమైతది, మనిషి ఆగమైతడు. చోటుకీ మనసుకీ ఒకే మాట పనికొచ్చేది, డెవస్టేట్ లాగా, నాకు తెలిసి తెలుగులో ఇదొక్కటే. కోస్తావాళ్ళం దీన్ని అప్పు తెచ్చుకోవడానికి ఎందుకు మొహమాటపడతామో తెలియదు. హైదరాబాదీ ‘బర్బాదు’ని మటుకు సినిమాలు చూసి ఠపీమని తెచ్చుకున్నాం.

ఆటల పేజీ గురించి రెండు ముక్కలు. ‘విధ్వంసకర ఓపెనర్’ అన్నది తెలుగు క్రీడా విలేఖరులకి పొగడ్త. ఇంగ్లీషులో ‘డెవస్టేటింగ్ స్పెల్’ కూడా అంతే. ఊచకోత, చీల్చి చెండాడటం కూడా అక్కడ మెచ్చుకోళ్ళే. క్రికెట్ తెలియనివాళ్ళకి ఆ పేజీ చూపించకండి.

మళ్ళీ మా తరగతి. ఆ పిల్లకి నేను ‘కుమిలిపోయాను’ అని దిద్ది ఇచ్చాను, అది ఆ వయసుకి నప్పదని తెలిసే. ఆ వారం తను రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మని ఫోనులో అడిగిందట. ఆదివారం కొత్త కాగితం తెచ్చింది. అందులో నా మాట లేదు. “మా సిండీ పోయింది. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు” అని రాసి ఉంది.